గొట్టం మీద నాలుగు వేళ్ళు

కిందటి వారం కథలో కోడలిని షెడ్డు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. చంకలో పదకొండు నెలల పిల్ల. ఎదురుగా, పార్సిల్ వ్యాను వాళ్ళు దింపి సంతకం పెట్టించుకుని పోయిన మోటారుసైకిలు. ఇరవై రోజుల కిందట, గోదాములో ఏదో పని దొరికిందని చెప్పి ఆ బండెక్కి వెళ్ళిన మొగుడు మాత్రం దానితో రాలేదు. ఉత్తరం ముక్క లేదు. వెనక సీటుకు తాళ్ళతో కట్టిన గోనెసంచిలో బండి పాత సైలెన్సర్ ఉంది. అది ఉండాల్సిన చోట, అందులో సగం బరువు కూడా లేని సన్నటి కొత్త స్టీలు గొట్టం మెరుస్తోంది. పిల్ల పుట్టిననాడు ఆసుపత్రి వరండాలో, "ఇక బండి పందేల మొహం చూడను, దీని మీద ఒట్టు" అన్న మనిషి బండి బరువు ఎందుకు తగ్గిస్తాడు? పందేనికి కాకపోతే ఇంకెందుకు? కోడలు మెట్లెక్కి తలుపేసుకుంది.

ఇప్పుడు, ఆ రాత్రి గడిచి, తెల్లవారింది.

కోపం వస్తే కొందరు అరుస్తారు, కొందరు అలిగి పడుకుంటారు. కోడలు గిన్నెలు తోముతుంది. ముగ్గురున్న ఇంట్లో, అందులోనూ ఒకరికి పళ్ళే రాని ఇంట్లో, తోమడానికి గిన్నెలు ఎన్నని ఉంటాయి? అవి అయిపోయాయి. స్టవ్వు తోమింది. కుళాయి తోమింది. తలుపు గడియ తోమింది. ఇక మేడ మీద తోమడానికి ఏమీ మిగలక, పీచూ సబ్బుపొడీ ఒక చేత్తో, పిల్లని ఇంకో చేత్తో పట్టుకుని కిందికి దిగింది.

కింద షెడ్డు, పైన కాపురం. షెడ్డులో ఒక మూల లారీ టైరు పడుకోబెట్టి, దాని మధ్యలో పాత బొంత పరిచి ఉంటుంది. అదే పిల్లకి ఉయ్యాలా, బడీ, జైలూ. పిల్లని అందరూ పిచ్చుక అంటారు, ఎప్పుడు చూసినా నోరు తెరుచుకునే ఉంటుందని. ఆ నోరంటేనే కోడలికి భయం. షెడ్డులో ఎక్కడ చూసినా నట్లూ వాషర్లూ. టైరులో దింపేముందు బొంత దులిపింది, అంచు చుట్టూ చేత్తో తడిమింది, పిల్ల పిడికిళ్ళు విప్పి చూసింది, నోట్లో వేలు పెట్టి చూసింది. ఏమీ లేదు. అయినా ఇంకోసారి చూసింది.

గోడకు మామగారి స్పానర్ల పలక. ఒక్కో స్పానర్ వెనకా దాని ఆకారం తెల్లరంగుతో గీసి ఉంటుంది, ఏది చోటు తప్పినా చప్పున తెలిసేటట్టు. పన్నెండో నంబరు దగ్గర ఇరవై రోజులుగా ఒట్టి తెల్లగీతే ఉంది. అది మొగుడు వెళ్తూ తీసుకుపోయాడు. కోడలు రోజుకు ఎన్నిసార్లు ఆ గీత వంక చూస్తుందో ఆమెకే తెలీదు.

ఈ ఇరవై రోజులూ ఆమెతో మాట్లాడిన పెద్దమనిషి ఎవరంటే, ఫోనులో ఆ ఆడగొంతు. మీరు ప్రయత్నిస్తున్న నంబరు స్విచాఫ్ చేయబడి ఉంది అనే గొంతు. రోజూ సాయంత్రం నంబరు నొక్కడం, ఆవిడ చెప్పింది చివరిదాకా వినడం. మామగారిని లెక్కలో వేయడానికి లేదు. ఆయన రోజుకు మాట్లాడేవి నాలుగే ముక్కలు. తిన్నావా, పిల్ల పడుకుందా, గడియ పెట్టుకో, వస్తా. మిగిలిన మాటలన్నీ ఇంజన్లతోనే అయిపోతాయేమో అనుకునేది. పొద్దస్తమానం పిల్లతోనే మాట్లాడీ మాట్లాడీ, ఒకరోజు కూరల బండివాడితో "నీకు బువ్వ కావాలా" అన్నట్టు మాట్లాడి, తనే సిగ్గుపడింది.

సరే. బండి ముందు గొంతుక్కూర్చుంది. కొత్త గొట్టం ఇంజన్ ముందు నుంచి బయటికొచ్చి, కిందికి వంగి, ఇంజన్ కడుపు కిందికి పోయింది. వేడికి స్టీలు రంగు మారి, వంపు దగ్గర తేనెరంగు, కింద కాస్త నీలం. ఆ తేనెరంగు మీద, ఎదురుగా నిలబడ్డ ఎవరికైనా కనబడేటట్టు, గోధుమరంగు మరకలు. పక్కపక్కన నాలుగు వేళ్ళు.

"ఇక్కడ కూడా నీ మురికి చేతులే" అని, తోమడం మొదలుపెట్టింది. చిటికెన వేలి మరకతో మొదలుపెట్టింది. భుజం లాగేదాకా తోమింది. మరక పాలిపోతోంది గానీ పోవడం లేదు.

"ఆపమ్మాయ్."

వెనక మామగారు. ఎప్పుడొచ్చాడో. ఈ వీధంతా ఆయన్ని మేస్త్రీ అంటుంది. ముప్పై ఏళ్ళుగా బండ్లు విప్పి బిగించిన మనిషి. వంగి ఆమె చేతిలోంచి పీచు తీసుకుని దూరంగా పడేశాడు. తర్వాత మోకాళ్ళు పటపటమంటుంటే కింద కూర్చుని, నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దించాడు.

"ఎంతసేపయింది తోమబట్టి?"

"ఇప్పుడే. చిటికెన వేలు దగ్గర."

"పోయిందా?"

"సగం పోయింది. మురికే కదా మామయ్యా."

"మురికి కాదు." ఆయన వేలు ఆ మరకల పక్కనే ఆడింది గానీ తాకలేదు. "కాలిన ముద్ర. కొత్త గొట్టం బిగించాక, బండి మొదటిసారి స్టార్ట్ చేసేముందు, పెట్రోలు గుడ్డతో తుడవాలి. తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. ఆ తర్వాత ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. మన చేతికి ఎంత లేదన్నా జిడ్డుంటుంది. మొదటి వేడికి ఆ జిడ్డు స్టీలులోకి ఇంకిపోతుంది. ఇక జన్మంతా తోమినా పూర్తిగా పోదు."

ఇరవై రోజుల మాటలు ఒక్కసారే మాట్లాడేశాడనిపించింది కోడలికి.

"ఆయన మర్చిపోయి ఉంటారు."

"వాడు మర్చిపోడు. పెళ్ళిరోజు మర్చిపోతాడు. పిల్లకి టీకా ఏనాడో మర్చిపోతాడు."

"రెండూ మర్చిపోయారు."

"ఇది మర్చిపోడు. పన్నెండేళ్ళప్పుడు ఒకసారి తుడవకుండా స్టార్ట్ చేస్తే, వారం రోజులు షెడ్డులో అడుగు పెట్టనివ్వలేదు నేను. ఆ వారం అన్నం కూడా సరిగ్గా తినలేదు వెధవ. ఇంకెవరో బిగించారిది."

కోడలు ఆ మాట పట్టుకుంది. ఇంకెవరో. ఆమె చేయి తనంత తనే లేచి ఆ మరకల మీదికి పోయింది. నాలుగు వేళ్ళూ నాలుగు మరకల మీద ఆనించింది. చూపుడు వేలు సరిపోయింది. మధ్యవేలు సరిపోయింది.

తన మొగుడి చేయి ఆమెకు తెలుసు. పిల్ల వీపంతా కప్పేసే చేయి. ఇది ఆ చేయి కాదు. ఇది ఆడమనిషి చేయి.

పందెమే అయితే బాగుండును అనుకుంది. ఇందాకటి దాకా ఏ మాట తలుచుకుని మండిపడిందో, ఇప్పుడు ఆ మాటే చల్లగా అనిపించింది. పందెమైతే ఏదో ఒకనాడు అయిపోతుంది.

"ఏమ్మా, మొగుడు రాకుండా బండొచ్చిందటగా?"

వీధి అవతల మిషను కుట్టే కుట్టుపనావిడ. మెడలో టేపు వేలాడుతూ గుమ్మంలోకే వచ్చేసింది. వీధిలో ఏ ఇంట్లో స్పూను పడినా ఆవిడకి తెలియాలి.

"వచ్చిందండీ" అంది కోడలు, చేయి వెనక్కి తీసుకుని.

"నయమే. మా ఆయన్నీ అట్లా పార్సిల్ చేద్దామని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా. తీసుకునేవాళ్ళే దొరకరు." అని నవ్వి, ఎవరూ నవ్వకపోయేసరికి మేస్త్రీ వంక, బండి వంక, కోడలి మొహం వంక వరసగా చూసింది. "మిషన్ మీద గుడ్డ అట్లాగే వదిలేసి వచ్చాను" అంటూ వెళ్ళిపోయింది. పాపం, చెడ్డమనిషి కాదు. ఆ నవ్వు కోసమైనా ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది కోడలికి.

మేస్త్రీ ఇంకా గొట్టం ముందే కూర్చుని ఉన్నాడు.

"ఆడమనిషి చెయ్యి మామయ్యా" అంది కోడలు నెమ్మదిగా.

"ఊఁ."

"మీకు తెలుసు ఎవరో."

మేస్త్రీ మరకల మీదికి ఇంకా వంగాడు. పిచ్చుక టైరు అంచు పట్టుకుని లేచి నిలబడి, దభాలున కూర్చుంది. ఇద్దరూ అటు చూసి మళ్ళీ ఇటు తిరిగారు.

"ఉంగరం వేలు చూడు" అన్నాడు మేస్త్రీ.

చూసింది. ఇందాక తన చేయి ఆనించినప్పుడు ఆ వేలు దగ్గర ఏదో తేడా తగిలింది గానీ, మనసు మనసులో లేక పట్టించుకోలేదు. మిగిలిన వేళ్ళ మరకలు గొట్టాన్ని చుట్టి చివరదాకా ఉన్నాయి. ఉంగరం వేలు మరక మధ్యలోనే ఆగిపోయింది. పై కణుపు లేదు.

"చైన్లో పడి పోయింది ఆ కణుపు" అన్నాడు. "అదుగో, ఆ పని బెంచీ దగ్గరే. గుడ్డ కట్టుకుని, మిగిలిన బోల్టులు బిగించి గానీ ఆసుపత్రికి రానంది. మీ అత్తయ్య."

కోడలికి మాట అర్థమయింది. అర్థమై, లోపలికి దిగడానికే కొంతసేపు పట్టింది.

"అత్తయ్య చనిపోయి పదహారేళ్ళు అన్నారు."

"అన్నాను."

"జ్వరం వచ్చి పోయిందన్నారు. సంబంధం మాట్లాడడానికి వచ్చినప్పుడు మా అమ్మ ఎదురుగా కూర్చుని చెప్పారు. మా అమ్మ కళ్ళు తుడుచుకుంది కూడా."

"గుర్తుంది."

"ఆయనకి తెలుసా?"

"వాడికీ అదే చెప్పాను. పదకొండేళ్ళవాడు. రోజూ గుమ్మంలో కూర్చుని ఎప్పుడొస్తుందని అడిగేవాడు. ఎప్పుడని చెప్పను? రాదని చెప్పలేక, లేదని చెప్పాను. ఆ రోజుకి అదే తేలికనిపించింది."

"మీకు తేలికే" అంది కోడలు.

మామగారితో అట్లా మాట్లాడడం అదే మొదటిసారి. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. తుడిచింది అద్దాలనేనా అన్నది కోడలు చూడనట్టు ఊరుకుంది.

నాలుగేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నారు. ఆయన తిన్న కంచం ఆమె తీసింది. ఆమె పురిటినొప్పులప్పుడు ఆయన వర్షంలో ఆటో కోసం పరుగెత్తాడు. కానీ ఆ బెంచీ దగ్గర ఒక ఆడమనిషి నిలబడి పని చేసేదన్న సంగతి ఇవాళ తెలిసింది. ఆలోచిస్తే, షెడ్డులో ఆ బెంచీ ఒక్కటే మేస్త్రీ ఎత్తుకు చాలా పొట్టి. ఆయన దాని దగ్గర ఎప్పుడూ నడుం వంచే పని చేసేవాడు. మార్పించుకోవచ్చు కదా అని ఒకసారి అడిగితే, అలవాటైపోయిందన్నాడు.

"సరే. ఆవిడే బిగించింది. మరి తుడవడం మర్చిపోయిందా?"

మేస్త్రీ మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. "నాకు తుడవడం నేర్పిందే ఆవిడ. అంతకుముందు నేను బిగించిన ప్రతి గొట్టం మీదా నా పది వేళ్ళూ ఉండేవి. పైగా బిగించే మనిషి గొట్టాన్ని కింద నుంచి పడతాడు, బరువు చేతిలో ఆనాలి కాబట్టి. ఇట్లా ఎదురుగా, పై నుంచి చెయ్యి వేసి ఎవరూ పట్టరు. ముందంతా శుభ్రంగా తుడిచింది. చూడు, ఇంకెక్కడా ఒక్క మరక లేదు. అప్పుడు గ్రీజు చెయ్యి ఆనించి, స్టార్ట్ చేసింది. కావాలని."

"ఉత్తరం రాయొచ్చుగా."

"రాస్తే చించేస్తానని తెలుసు. స్టీలుని చించలేను కదా."

అందులో చిటికెన వేలు నేను సగం చెరిపేశాను అనుకుంది కోడలు. ఎవరో పదహారేళ్ళ తర్వాత రాసిన ఉత్తరంలో చివరి ముక్క, విప్పకముందే సబ్బుపొడి వేసి తోమేసింది. చేతుల వంక చూసుకుంది. గోళ్ళ నిండా సబ్బు.

కొంచెం తెరిపిన పడ్డాక భయం ఇంకో వైపు నుంచి వచ్చింది. ఆయన వెళ్ళింది వాళ్ళమ్మ దగ్గరికైతే, మంచిదే. మరి మనిషేడి? ఫోనెందుకు తీయడు? తల్లీ కొడుకూ కలిసి పందేనికి బండి తయారు చేశారా? మరి పందెం బండి ఇంటికెందుకొచ్చింది?

మేస్త్రీకీ అదే తట్టినట్టుంది. లేచి గోనెసంచి విప్పాడు. పాత సైలెన్సర్ బయటికి తీసి ఆమె చేతుల్లో పెట్టాడు.

కోడలికి బరువులన్నీ పిల్ల బరువులే. సంచీ మోసినా, బకెట్ ఎత్తినా, పిల్ల ఎన్నో నెల బరువుందో చేతులు చెప్పేస్తాయి. పాత సైలెన్సర్ మోచేతి మడతలోకి వచ్చి పడుకోగానే చెప్పేశాయి. నాలుగో నెల. బోర్లా పడి, మెడ నిలబెట్టి, దీపం వంక చూసి నవ్విన నెల.

"కొత్తది ఎంతుంటుంది మామయ్యా?"

"రెండున్నర కిలోలు. ఇంకా తక్కువే ఉండొచ్చు."

పుట్టిన రోజు బరువు. నర్సు తువ్వాలులో చుట్టి ఇచ్చినప్పుడు, చేతుల్లో ఉందో లేదో తెలియక భయపడిన బరువు.

సంచీ అడుగున చిన్న గుడ్డమూట. అందులో పాత బోల్టులు, నట్లు, వాషర్లు, ఒక్కటి తక్కువ లేకుండా, నూనె రాసి ఉన్నాయి. వాటితో పాటు పన్నెండో నంబరు స్పానర్. మేస్త్రీ దాన్ని తీసి, చూసి, లేచి వెళ్ళి గోడ మీది తెల్లగీతలో తగిలించాడు. ఇరవై రోజుల ఖాళీ నిండింది. కోడలు అటు చూసి, తలుపు వంక చూసింది. చోటు నిండింది సరే, తీసుకుపోయిన చేయి రాలేదు.

"పందేలవాళ్ళు పాత సైలెన్సర్‌ని పాతసామానుకి పారేస్తారు" అన్నాడు మేస్త్రీ. "ఇట్లా నూనె రాసి దాచరు. ఉండు, చప్పుడు విందాం."

బండెక్కి కూర్చుని మీట నొక్కాడు.

ఆ బండి పాత చప్పుడు కోడలికి బాగా ఎరిగిన గొంతు లాంటిది. సందు మలుపులో ఉండగానే పట్టేది. అన్నం వడ్డించడం మొదలుపెట్టి, ఆయన చెప్పులు విప్పేసరికి కంచం సిద్ధంగా ఉంచేది. పిచ్చుకైతే నిద్రలో కూడా తల ఎత్తేది. ఈ ఇరవై రోజులూ సందులో వచ్చిన ప్రతి బండి చప్పుడునూ చెవి ఒగ్గి విని, ఇది కాదు, ఇది కాదు అనుకుంటూ గడిపింది.

ఇప్పుడు వచ్చిన చప్పుడు అది కానే కాదు. పొడిగా, గట్టిగా, ఎవరో తెలియని మనిషి తలుపు బాదినట్టుంది. పిచ్చుక ఏడవలేదు. బండి వంక చూసి, తలుపు వంక చూసి, మళ్ళీ బొంత నోట్లో పెట్టుకుంది. దానికి నాన్న రాలేదు.

ఆయన ఈ చప్పుడుతో సందులోకి వచ్చి ఉంటే నేను లేచి ఉండేదాన్ని కాదు అనుకుంది కోడలు. ఇది కాదు అనుకుని అటు తిరిగి పడుకునేదాన్ని. ఆ ఆలోచన వచ్చాక స్టూలు లాక్కుని కూర్చుంది.

మేస్త్రీ బండిని కాస్త ముందుకు జరపబోయాడు. అలవాటు కొద్దీ కుడికాలు బ్రేకు మీదికి పోయింది. అక్కడ గాలి తగిలింది. బండి ఒక్క అడుగు ముందుకు దూకింది. చటుక్కున ఇంజన్ ఆపి, రెండు కాళ్ళూ నేలకు ఆనించి, కిందికి చూశాడు.

"ఏమయింది?"

"బ్రేక్ పెడలు లేదు."

దిగాడు. ఈసారి మోకాళ్ళ సంగతి మర్చిపోయి నేల మీద బోర్లా పడుకున్నంత పని చేశాడు. కుడివైపు చూశాడు. ఎడమ హ్యాండిల్ చూశాడు. క్లచ్ లివర్ కింద ఇంకో చిన్న లివర్ ఉంది. నిన్న కోడలూ చూసింది దాన్ని. పందేలవాళ్ళ వేషమేదో అనుకుంది.

"వెనక బ్రేకు చేతికి తెచ్చింది" అన్నాడు. "కుడికాలి పని తీసేసింది. ఇటు చూడు. పాత సైలెన్సర్ కుడికాలి పక్కనుంచి పోతుంది. అది ఉంటే కాలు మడిచే పెట్టాలి, చాచడానికి చోటుండదు. అది తీసేసి, సన్నటి గొట్టాన్ని ఇంజన్ కిందికి తిప్పి, ఎడమవైపు తెచ్చింది. ఫుట్‌రెస్ట్ జానెడు ముందుకు జరిపింది. కాలు కర్రలా చాచి పెట్టుకోవడానికి. బరువు తగ్గించింది పందేనికి కాదమ్మాయ్. ఒంటికాలి మీద బండి నిలబెట్టుకోవడానికి."

"ఎవరి కాలు?"

మేస్త్రీ వేలితో కిందికి చూపించాడు. ముందుకు జరిపిన ఆ ఫుట్‌రెస్ట్‌కి ఒక బెల్టు కట్టి ఉంది, పాదం జారకుండా బిగించుకునేందుకు. నీలిరంగు గుడ్డ బెల్టు. కోడలు వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది. అడ్డంగా కుట్టిన కుట్టు వేళ్ళకు తగిలింది. ఆకుపచ్చ దారం.

ఆయన సంచీ బెల్టు తెగిపోతే, ప్రయాణం ముందురోజు తనే కుట్టింది. నీలిదారం అయిపోయింది, ఆకుపచ్చదే ఉంది. "ఏంటిది, సంచీకి పచ్చబొట్టా" అని నవ్వాడు. "నీకు కనబడితే గదా బాధ, భుజం వెనక్కి వేసుకో" అంది.

ఆ కుట్టును బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. ఏడుపు రాలేదు. ఎక్కడో ఒక గదిలో, ఒక మంచం మీద, కాలు చాచుకుని ఆయన. పక్కన తను లేదు. తను ఇక్కడ గడియలు తోముతోంది.

కళ్ళు ఎత్తినప్పుడు వెనక సీటు కింద ఏదో నల్లగా కనిపించింది.

"మామయ్యా, ఈ ఫుట్‌రెస్టులు వెనక కూర్చునేవాళ్ళ కాళ్ళకే కదా?"

"ఊఁ. పాత సైలెన్సర్ ఈ కుడిపక్క ఫుట్‌రెస్ట్ క్లాంపుకే, ఈ ఇనప పట్టీకే, వేలాడేది. సైలెన్సర్ పోయాక ఆ క్లాంపుతో పని లేదు. బరువు తగ్గించేవాడెవడైనా మొదట ఊడదీసేది అదే." ఆయన వంగి రబ్బరు తడిమాడు. "తీయలేదు. రెండువైపులా కొత్త రబ్బర్లు వేసింది."

కోడలు లేచి వెనక సీటు మీద కూర్చుంది. రెండు పాదాలూ ఆ కొత్త రబ్బర్ల మీద పెట్టింది. సరిగ్గా ఆనాయి. ఒక్కో గ్రాము వెతికి వెతికి తీసేసిన బండి మీద, తన కాళ్ళకు చోటు మాత్రం ఉంచారు. తనను ఎన్నడూ చూడని ఒక ఆడమనిషి, ఆయన చెబితే, ఉంచింది. అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు. తుడుచుకోలేదు. చేతులకు సబ్బుంది.

కానీ ఆడవాళ్ళ కళ్ళు ఏడుస్తూ కూడా చూస్తాయి. బెల్టు ఇంకా ఆమె కళ్ళ ముందే వేలాడుతోంది. దానికి వరసగా కొత్తగా పొడిచిన ఐదు కన్నాలు. ఒక్కదాని అంచూ సాగలేదు, నలగలేదు. బకిల్ ముల్లు ఏ ఒక్కదానిలోనూ దిగిన గుర్తు లేదు.

"ఇది ఒక్కసారి కూడా కట్టుకోలేదు మామయ్యా." కోడలు కన్నాల వైపు వేలు చూపించింది. "బండి ఆయన కోసం చేసింది. ఆయన ఎక్కలేదు. ఎక్కకుండానే ఇటు పంపేసింది. ఎందుకు?"

మేస్త్రీ పొట్టి బెంచీకి ఆనుకుని నిలబడ్డాడు.

"అత్తయ్య ఎక్కడుంటుంది? తెలీదనకండి."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"వెళ్ళిన నెలనుంచీ."

కోడలు బండి దిగింది. టైరు దగ్గరికి వెళ్ళి పిల్లని ఎత్తుకుంది. నోట్లో వేలు పెట్టి చూసింది. ఏమీ లేదు. పిల్లని గట్టిగా గుండెకు అదుముకుని ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆయనకి ఎవరు చెప్పారు, అమ్మ బతికే ఉందని?"

మేస్త్రీ గోడ మీది పన్నెండో నంబరు వంక చూశాడు. తర్వాత ఆ మాటలు వచ్చాయి, తుప్పుపట్టిన బోల్టు కదిలినట్టు.

"నేనే. గోదాములో పనీ లేదు, పాడూ లేదు. చిరునామా రాసి వాడి జేబులో పెట్టింది నేను. నీతో అట్లా చెప్పమన్నదీ నేనే. నిన్న నువ్వు పందెమని వాడిని తిట్టుకుంటూ మెట్లెక్కుతుంటే, నోరు మూసుకుని చూసిందీ నేనే."

పిచ్చుక తాత మొహం వైపు చేయి చాచింది. ఆయన ఆ వేళ్ళు అందుకోలేదు.

"ఇంతా అడిగావు గానీ, అమ్మాయ్," అన్నాడు, "పదహారేళ్ళు లేదన్న మనిషి దగ్గరికి వాడిని ఏం తెమ్మని పంపానో, అది అడగవేం?"